చెరువుకు కట్ట ఒకవైపే ఎందుకుంటుంది? అనంతపురంలో చిత్తడి నేల పార్కు గీసేముందు

అనంతపురం దగ్గర్లోని ఒక చెరువును పార్కు చేయాలని కొన్నేళ్ల కిందట మీటింగు పెట్టారు. గోడకు పెద్ద ఫ్లెక్సీ. అంచులదాకా నీలం నీళ్లు, చుట్టూతా టైల్స్ వేసిన నడక దారి, మధ్యలో దీవి, దాని మీద ఫౌంటెన్, హంస మెడలున్న బోట్లు. సందేహాలుంటే అడగమన్నారు. వెనక వరసలోంచి, పొలాలకు చెరువు నీళ్లు పంచే నీరుగంటి పెద్దాయన తువ్వాలు భుజమ్మీద సర్దుకుని లేచాడు. "బొమ్మ బాగుండాది సార్. నీళ్లు లేనబ్బుడు ఎట్లుంటాదో ఆ బొమ్మ గూడా సూపీండి" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ రెండో బొమ్మ మాత్రం ఎవరూ గీసుకురాలేదు.

నా మటుకు నాకు మొదట గీయాల్సింది ఆ బొమ్మే. చిత్తడి నేల పార్కు అంటే మన ప్లాన్లలో నిండు చెరువు ఒక్కటే కనిపిస్తుంది. అనంతపురంలో చెరువు నిండుగా ఉండేది ఏడాదికి కొన్ని నెలలు. కొన్నేళ్లు అదీ ఉండదు. ఇక్కడ ఏటా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎండ, గాలి కలిసి తాగేయగలిగింది అంతకు సుమారు మూడింతలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది, ఏడాది పొడుగునా నీలంగా ఉండే చెరువు కావాలంటే ఎక్కడో ఒకచోట ఎవరి పైరు నీళ్లో తేవాల్సిందే.

ముందుగా 'చిత్తడి నేల' అనే మాట గురించి కాస్త. చిత్తడి నేల అనగానే కొల్లేరు గుర్తొస్తుంది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు పొందింది మన రాష్ట్రంలో కొల్లేరే, అది 2002లో. కానీ ఆ ఒప్పందంలోని నిర్వచనం చాలా విశాలమైనది. సహజమైనదైనా మనిషి కట్టినదైనా, ఎప్పుడూ నీళ్లున్నా కొన్నాళ్లే ఉన్నా, నిలవ నీరైనా పారే నీరైనా చిత్తడి నేలే. ఆ లెక్కన రాయలసీమలో చిత్తడి నేలలంటే చెరువులు, కుంటలు, వంకలు. దేవుడిచ్చిన సరస్సులు మనకు దాదాపు లేవు. ఉన్నవన్నీ కట్టుకున్నవే.

బుక్కరాయసముద్రం చెరువునే తీసుకోండి. 1364లో విజయనగర రాజు బుక్కరాయల దగ్గర దివానుగా ఉన్న చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డకట్ట వేయించాడనీ, కాలువకు నీళ్లు వదిలే రెండు తూముల దగ్గర రెండు ఊళ్లు పుట్టాయనీ చెబుతారు. ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. ఆ అనంతసాగరమే అనంతపురమైంది. ఊరికి చెరువు ఉండటం ఎక్కడైనా మామూలే. ఇక్కడ చెరువుకు ఊరు పుట్టింది. వారసత్వం చూపించడానికి కొత్తగా మ్యూజియం కట్టాలనుకునేవాళ్లు ముందు ఈ కట్ట మీద ఒక చివరినుంచి ఇంకో చివరికి నడిచి చూడాలి.

అలా నడిస్తే మొదట కంటపడేది శీర్షికలో అడిగిన సంగతి. చెరువుకు కట్ట ఒకవైపే ఉంటుంది. వాలు చూసుకుని, నీళ్లు దిగిపోయే వైపు మాత్రమే అడ్డం వేశారు. మిగతా వైపుల నేల నెమ్మదిగా పైకి లేస్తూ చేలల్లోకి కలిసిపోతుంది. కట్ట దగ్గర లోతు. వంక వచ్చి కలిసే తల వైపు మోకాలి లోతు, తర్వాత జానెడు, తర్వాత బురద, తర్వాత గడ్డి. ఎక్కడా గీత గీసినట్టు అంచు ఉండదు.

పక్షులకు కావాల్సింది ఆ గీత లేని అంచే. ఎర్రకాళ్ల కొంగ వేట దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఇది తెలుస్తుంది. పొడుగాటి ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి, తల అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. చేప తగలగానే టక్కున మూస్తుంది. కంటితో కాదు, తాకిడితో చేసే వేట అది. కాళ్లు నేలకు ఆనేంత లోతులోనే సాగుతుంది. నీటికాకికి మునగడానికి లోతు కావాలి. ఉల్లంకి పిట్టలకు తడి బురద చాలు. తీతువు పొడినేల మీద గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. నీరు తగ్గేకొద్దీ ఈ పట్టీలన్నీ రోజుకింత చొప్పున లోపలికి జరుగుతాయి. మాఘం దాటాక చేపలన్నీ చివరి మడుగుల్లో ఇరుక్కుంటాయి. కొంగలకు అప్పుడే విందు. మనకు ఎండిపోతున్నట్టు కనిపించే చెరువు వాటికి వడ్డించిన విస్తరి.

ఇప్పుడు ఫ్లెక్సీలోని "చుట్టూతా నడక దారి" సంగతి చూడండి. దారి వేయాలంటే మూడువైపులా కొత్త కట్ట పోయాలి, దానికి రాతి పరుపు వేయాలి. అంటే పళ్లెంలాంటి చెరువును బకెట్టు చేయడం. అంచు నిటారయ్యాక జానెడు లోతు నీరు ఎక్కడా మిగలదు. పైనుంచి వంకల్లో వచ్చే నీటికి కొత్త కట్టే అడ్డు. పొద్దున నడకకు వచ్చేవాళ్లు, వాళ్ల వెంట కుక్కలు పక్షులను నలువైపుల నుంచీ ముట్టడిస్తాయి. చెరువుల సుందరీకరణ పేరుతో జరిగే పనుల్లో అన్నిటికంటే ఖర్చైనదీ, అన్నిటికంటే చెడ్డదీ ఇదేనని నా అభిప్రాయం.

దీనికి విరుగుడు పాత చెరువులోనే ఉంది. కట్ట వైపు మనుషులు, తల వైపు పక్షులు. కట్ట ఎత్తు కాబట్టి అక్కడ నిలబడితే చెరువంతా కనిపిస్తుంది, వేరే వాచ్‌టవర్ అక్కర్లేదు. రెండు మూడు చోట్ల తడికలో, వెదురు దబ్బలో అడ్డం కట్టి, పిల్లల ఎత్తుకొకటి, పెద్దల ఎత్తుకొకటి కంతలు పెడితే పిట్టలు బెదరవు. తల వైపు దారి వేయొద్దు, దీపాలు పెట్టొద్దు. గొర్రెలూ బర్రెలూ ఎప్పటిలాగే తిరగనివ్వాలి. అవి మేయకపోతే గడ్డి ఏపుగా పెరిగి అంచంతా కమ్మేస్తుంది.

మనుషులంటే పక్షులకు పడదనుకోవడం కూడా పొరపాటే. చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఆడబిడ్డల్లా చూసుకుంటారు. ఆ పక్షులకు తెలిసిన మనిషి వేరు, ఆదివారం మైకు పెట్టుకుని దిగే మనిషి వేరు. పార్కు డిజైన్ అంటే ఈ రెండో మనిషికి హద్దు గీయడం.

కట్ట మీద ఏం కట్టాలి? దాదాపు ఏమీ కట్టకూడదు. మట్టికట్ట మీద పెద్ద చెట్టు నాటితే, అది చచ్చాక వేరు కుళ్లి బొరియ అవుతుంది, ఆ బొరియ నీటికి దారవుతుంది. బరువైన గదులు కడితే కట్ట కుంగుతుంది. కట్టడాలన్నీ కట్ట కింద, మరువ నీరు (చెరువు నిండాక పొర్లిపోయే నీరు) పారే దారికి దూరంగా ఉండాలి. కట్ట కింద ఎలాగూ ఊట నేల ఉంటుంది. అక్కడ మోకాలి లోతు మించని చిన్న గుంటలు నాలుగు తవ్వితే పిల్లలు దిగి చేతులు పెట్టగలిగే బడి తయారవుతుంది. అసలు చెరువులోకి పిల్లలను దింపే ఆలోచన ఎవరూ చేయకూడదు. పూడిక తీసిన గోతులు నీళ్ల కింద కనబడవు. ఏటా ఎన్ని ఇళ్లలో ఏడుపులు వింటున్నామో మనకు తెలుసు.

చట్టం దగ్గర ఒక పీటముడి ఉంది. 2017 నాటి చిత్తడి నేలల నియమాలు గట్టివే. వాటి పరిధిలోకి వచ్చిన చోట ఆక్రమణ, చెత్త పోయడం, మురుగు వదలడం కుదరవు. గత పదేళ్ల సగటు గరిష్ఠ నీటిమట్టం నుంచి 50 మీటర్ల లోపు పడవల రేవు తప్ప శాశ్వత కట్టడం కుదరదు. కానీ ఆ నియమాల నిర్వచనంలోంచే సాగునీటి కోసం, తాగునీటి కోసం ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను తీసేశారు. మన చెరువులన్నీ సాగు కోసం కట్టినవే కదా! రామ్‌సర్ లెక్కలో చిత్తడి నేల, ఢిల్లీ లెక్కలో కాదు. అదే 2017లో సుప్రీంకోర్టు ఇస్రో పటంలోని 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని ఆదేశించింది కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. అయినా పార్కు గీసేవాళ్లు నియమం వర్తిస్తుందా లేదా అని వాదించుకోకుండా, ఆ 50 మీటర్లను తమకు తామే గీసుకుంటే సగం తగాదాలు పుట్టవు.

వారసత్వం గురించి చెప్పాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల దాకా పోవాలి. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాయించాడు. అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని చెక్కించాడు. గట్టి బంకనేల, తీపి నీళ్ల ఏరు, రెండు కొండల మధ్య పొడుగెక్కువ కాని గట్టి రాతికట్ట, దగ్గర్లో నిడుపాటి రాళ్ల గని, చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు, ఇలా సాగుతుంది జాబితా. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కూడా అందులో ఒక అంగం. ఇవాళ్టి టెండరు కాగితాల్లో ఆ ఒక్క అంగం వెతికి చూడండి.

దోషాలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్య తాబేటి వీపులా మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, చోటు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. మూడో దోషం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు చెరువు కట్ట జలవనరుల శాఖది, చేపలు సొసైటీవి, చెరువు లోపలి తుమ్మచెట్లు ఇంకొకరివి, కట్ట కింది స్థలం పంచాయతీది, పార్కు టూరిజానిది. రెండు రాజ్యాలు కావు, అయిదు.

నాలుగో దోషం దగ్గర పాత ఇంజనీరుకూ కొత్త పక్షి ప్రేమికుడికీ తగాదా. చెరువు మధ్య మెరక ఉంటే నీళ్లు తగ్గుతాయని శాసనం అంటుంది. పక్షులు గూడు కట్టుకోవాలంటే దీవి కావాలని వీళ్లంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. బయటి మట్టి తెచ్చి దిబ్బ పోస్తే ఆయకట్టు రైతు నోటికాడి నీళ్లు పోయినట్టే. చెరువు లోపలి మట్టినే తవ్వి, ఆ తవ్విన చోటు దిబ్బ చుట్టూ కందకంలా వచ్చేట్టు చేస్తే నీటి నిలవ ఇంచుమించు అలాగే ఉంటుంది. చెరువు సగానికి దిగినా కందకంలో నీళ్లుంటాయి, కుక్కలు దిబ్బ ఎక్కలేవు. దిబ్బ మీద నల్లతుమ్మ నాటితే చాలు. ముంపును తట్టుకుంటుంది, ముళ్లుంటాయి, పక్షులకు ఇష్టం. ఫౌంటెన్ ఎవరికీ అక్కర్లేదు.

శాసనం నకలు చెక్కించి పెట్టడం మంచిదే. కానీ దాని పక్కన నిలబెట్టాల్సిన వస్తువు తూము. పాత తూములో రెండు నిలువు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్లు, ఆ రాళ్లలో కంతలు. కంతల్లోంచి కిందికి దించే పొడుగాటి కర్ర, దాని చివర బిరడాలాంటి గూటం. గూటం లేపితే కాలువకు నీళ్లు, దించితే బంద్. ఎంత ఎత్తు లేపితే ఎన్ని కయ్యలు తడుస్తాయో నీరుగంటికి చేతి లెక్క. ఆయనకు ఊరు గింజల రూపంలో కూలి ఇచ్చేది. చెరువు కట్టించినవాళ్లకో బాగుచేసేవాళ్లకో దశబంధం పేరుతో మాన్యం భూములు ఇచ్చేవాళ్లు. ఒక చెక్కతో, పీవీసీ పైపుతో పిల్లలు ఆడించగలిగే తూము నమూనా చేసిపెట్టి, దాని కింద మూడు చిన్న మడులు గీస్తే, మూడింటికీ సమంగా నీళ్లు పంచమని వదిలేస్తే, అరగంటలో పిల్లలు కొట్లాడుకుంటారు. సాగునీటి చరిత్ర అంతా ఆ కొట్లాటలో అర్థమవుతుంది. టచ్ స్క్రీన్‌తో అది రాదు.

కథలు కూడా వారసత్వమే. బుక్కరాయసముద్రం కట్ట తెగబోతే ముసలమ్మ అనే కోడలు తనను తాను బలిచ్చుకుని ఊరిని నిలబెట్టిందని చెప్పుకుంటారు. ఆ కథ కావ్యమైంది కూడా. పార్కులో ఆమె బొమ్మ పెట్టి పూలదండ వేయడం తేలిక. పిల్లలతో వచ్చే టీచరు మాత్రం ఇంకో రెండు మాటలు చెప్పాలి. కట్టలు ఎందుకు తెగుతాయి, మరువ పూడిపోతే ఏమవుతుంది, బలి ఎప్పుడూ కోడలిదే ఎందుకైంది. మూడో ప్రశ్న ఆడపిల్లలు ఎలాగూ అడుగుతారు.

పూజల దగ్గర నిజమైన ఇబ్బంది వస్తుంది. చెరువు నిండితే గంగమ్మకు చీరసారె పెట్టి పూజ చేయడం, మరువ పారితే పొట్టేలు కొట్టడం ఇక్కడి మామూలు. పీర్ల పండగ ఆఖరున జలధికి నడిచే దారి చాలా ఊళ్లలో నీళ్ల వైపే. వీటికి కట్ట మీద చోటు, మెట్లు ఉండాల్సిందే. ఇవి లేని పార్కు ఊరివాళ్లకు పరాయిది. వినాయక నిమజ్జనం వేరు సంగతి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కరగదు, రంగులు కలుస్తాయి. దానికి కట్ట కింద విడిగా ఒక నిమజ్జన కుంట కట్టి, పండగ తర్వాత అడుగు గోకి శుభ్రం చేసేట్టు ఉంటే సరిపోతుంది. వద్దని బోర్డు పెడితే రాత్రి పూట వేస్తారు. చోటు చూపిస్తే పగలే వేస్తారు.

మురుగు గురించి తక్కువలో చెబుతాను, కానీ పట్నం పక్క చెరువుకు ఇదే ప్రాణం. ఊరి మధ్యగా వచ్చే వంకలు వాననీటితో పాటు మురుగునూ మోస్తాయి. దాన్ని నేరుగా వదిలితే రెండేళ్లలో గుర్రపుడెక్క పరుచుకుంటుంది. ముందు ఒక గుంటలో మడ్డి దిగనిచ్చి, తర్వాత గులకరాళ్లలో నాటిన జమ్ము, తుంగల మధ్య నెమ్మదిగా పారిస్తే, వేళ్లను పట్టుకుని బతికే సూక్ష్మజీవులు చాలా పని చేసిపెడతాయి. ఒక షరతు ఉంది. జమ్మును ఏటా కోసి బయటికి మోయాలి. కోయకపోతే అది అక్కడే కుళ్లి, తాగిన ఎరువంతా మళ్లీ నీళ్లకే ఇస్తుంది. ప్రారంభోత్సవం రోజు ఇది ఎవరికీ గుర్తుండదు. కోత కూలి ఖర్చు మొదటి అంచనాలోనే రాసుకోవాలి.

విదేశీ నమూనాల ఫొటోలు చూపించేవాళ్లకు ఒక మాట. లండన్‌లో 2000లో తెరిచిన చిత్తడి నేల కేంద్రం వాడకం ఆగిపోయిన నాలుగు తాగునీటి జలాశయాల మీద తయారైంది. హాంకాంగ్‌లో 2006లో తెరిచిన 61 హెక్టార్ల పార్కు, పక్కనే కొత్త నగరం కట్టినందుకు పరిహారంగా వచ్చింది. రెండూ గొప్పవే. నీటిని గదులు గదులుగా విడగొట్టి, ఒక్కో గదికి ఒక్కో లోతు ఉంచే పద్ధతి మనం నేర్చుకోవచ్చు. కానీ ఆ నీళ్ల మీద కింద ఎవరి వరిమడీ ఆధారపడి లేదు. మన చెరువు కింద ఆయకట్టు ఉంది. పక్షులకోసం తూము మూయమంటే రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. సంక్రాంతి తర్వాత ఎంత నీరు పొలానికి, ఎంత చివరి మడుగులకు అనే ఒప్పందం సంతకాలతో లేకపోతే పార్కు మొదటి కరువుకే చస్తుంది. చేపల సొసైటీతోనూ అంతే. ఆఖరి వల ఎప్పుడు లాగాలో వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి.

నీళ్లు పెడితే ప్రకృతికి మేలే అనే నమ్మకం కూడా పరీక్షించుకోవాలి. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆ పిట్టకు కావాల్సింది ఎండు గడ్డిమైదానం. చుట్టుపక్కల సాగునీరు వచ్చి పంటలు మారాక ఆ పిట్ట కనిపించడమే గగనమైంది. చెరువు పక్క బీడును ఖాళీ స్థలమని లాన్ పరిచేముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎండిన రోజులకు మనుషులు రారేమోనని భయపడేవాళ్లు సంగమేశ్వరం చూసి రావాలి. శ్రీశైలం నీళ్లలో ఏడాదిలో చాలా నెలలు మునిగి ఉండే ఆ గుడి, నీటిమట్టం దిగాక బయటపడుతుంది. అప్పుడే జనం కదులుతారు. నీళ్లు పోవడమే అక్కడ పండగ. మన చెరువులోనూ ఎండాకాలం చూపించడానికి ఎంతో ఉంది. నెర్రెలిచ్చిన ఒండ్రు, బురదలో రాత్రి తిరిగిన జంతువుల అడుగులు, తెల్లగా పడున్న ఆల్చిప్పలు, పొలాలకు పూడికమట్టి తోలే ట్రాక్టర్లు. నిలువుగా ఒక గొయ్యి కోసి చూపిస్తే పొరల్లో ఏ వరద ఎంత మట్టి తెచ్చిందో పిల్లలే కొలుచుకుంటారు.

అందుకే మొదటి ఏడాది ఏమీ కట్టొద్దంటాను. ఆ డబ్బులో కొంచెం పెట్టి, దగ్గర్లోని బడి పిల్లలతో వారానికొకసారి నీటిమట్టం రాయించాలి. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, అది 1987 నుంచీ ఉన్నదే, దాంతోపాటు ఇక్కడి లెక్కా తీయించాలి. ఏ నెల ఎంతవరకు తడి ఉందో కట్ట మీద నిలబడి ఒకే చోటునుంచి ఫొటోలు తీయించాలి. పన్నెండు ఫొటోలు వరసగా పేరిస్తే పెద్దాయన అడిగిన బొమ్మ వచ్చేస్తుంది.

మీటింగు అయ్యాక ఆయనతో తూము దాకా వెళ్లాను. స్తంభం మీద పక్కపక్కన చిన్న చిన్న గాట్లున్నాయి, నాచు పట్టి సరిగా కనబడటం లేదు. ఏమిటివని అడిగాను. "మా నాయన కొట్టినవి. ఈడికొస్తే రెండు కార్లు పండుతాయి, ఈడికైతే ఒకటే, ఈటికి కిందైతే పసులకే" అని బొటనవేలితో నాచు గీకి చూపించాడు. ఆ రోజు నీళ్లు ఆఖరి గాటుకు జానెడు కింద ఉన్నాయి.